గృహప్రవేశం క్యాసెట్టు

శంషాబాద్ బస్టాండు దగ్గరి ఫొటో స్టూడియోలో బాలమల్లు అరగంట కూర్చుని, చివరికి క్యాసెట్టును మళ్లీ సంచిలో పెట్టుకుని లేచాడు.

"ఇక్కడ పెట్టి పోండ్రి, రెండు దినాలల్ల సీడీ చేసిస్తం" అన్నాడు స్టూడియో అతను.

"నేను పోయినంక లోపల ఏం కోస్తరో, ఏం అతికిస్తరో నాకేమెరుక?" అన్నాడు బాలమల్లు. ఆ బేరం అక్కడితో ముగిసింది.

కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇరవై ఆరేళ్లు కాపలా ఉద్యోగం చేసిన మనిషి ఆయన. షిఫ్టు వదిలినప్పుడు టిఫిన్ డబ్బాల మూతలు తీయించి చూడడం ఆయన పని. రిటైరై రెండేళ్లయినా ఆ చూపు మాత్రం పోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు సంచి దించితే అందులో ఏముందో కళ్లతోనే తడిమి చూసేవాడు.

ఇప్పుడాయన అనుమానమంతా అన్న కొడుకు రాజు మీద. ఎయిర్‌పోర్టు తెరిచి రెండేళ్లు దాటింది. అక్కడ పనిచేసేవాళ్లకు కిరాయికివ్వడానికి ఊళ్లో ఎవరికి వాళ్లు మేడలు లేపుతున్నారు. రాజు కూడా ఉన్న రేకుల ఇల్లు తీసేసి మూడంతస్తులు కడతానన్నాడు. అన్నదమ్ముల ఇళ్ల మధ్య ఆరడుగుల గల్లీ ఉంది. అది మొత్తం తనదేనని, తన నాయన బతికున్నప్పుడే అట్లా మాటైందని రాజు అంటాడు. సగం సగమని బాలమల్లు అంటాడు. కాగితం ఏదీ లేదు. అన్న రామచంద్రయ్య పోయి ఏడేళ్లయింది.

కానీ క్యాసెట్టు ఉంది. పదమూడేళ్ల కింద ఆ రేకుల ఇంటి గృహప్రవేశానికి వీడియో తీయించారు. భోజనాలయ్యాక పెద్దమనుషుల ముందు గల్లీ సంగతి వచ్చింది. "సగం నీది, సగం నాది తమ్మీ" అన్నాడు అన్న. ఆ మాట బాలమల్లు చెవుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది. ఊరి పెద్ద చెన్నయ్యకు చెబితే, "నాకంత యాదికి లేదు. అట్లయితే ఆదివారం పంచాయతీ ఆఫీసుల అందరి ముందట చూపెట్టు. సీడీ తే, టీవీ నేను పెట్టిస్త" అన్నాడు.

దారి చూపింది కూతురు రేఖ. ఆమె డిగ్రీ చదివేటప్పుడు కొన్న కంప్యూటర్, పెళ్లయి బాలాపూర్ వెళ్లిపోయాక, గుడ్డ కప్పుకుని ఓ మూల పడి ఉంది. "దాంట్ల క్యాప్చర్ కార్డని ఒకటి పెడ్తే, వీసీఆర్ల నడిచే బొమ్మ కంప్యూటర్లకు ఎక్కుతది బాపూ. మనింట్లనే, నీ కండ్ల ముందటనే" అని ఫోన్లో చెప్పింది.

కండ్ల ముందటనే అన్న మాట ఆయనకు నచ్చింది.

ఆ కార్డు పెట్టడానికి శుక్రవారం పొద్దున మాధవీలత వచ్చింది. శంషాబాద్‌లో కంప్యూటర్ రిపేరు షాపు నడిపే మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. స్కూటీ వెనక తాళ్లతో కట్టుకొచ్చిన వీసీఆర్‌ను జాగ్రత్తగా దించింది.

"ఏ ఊరమ్మా నీది?" అడిగాడు బాలమల్లు, ఇంకా గడప దాటనీయకుండానే.

"మైలార్‌దేవ్‌పల్లి."

"అక్కడ మా రాజు అత్తగారోళ్లున్నరు. ఎరుకేనా?"

"మైలార్‌దేవ్‌పల్లి మస్తు పెద్దది బాపూ. అందరు ఎట్ల ఎరుకుంటరు?"

ఎరుకలేదని సూటిగా అనలేదు కదా అనుకున్నాడు బాలమల్లు. ఈలోగా భార్య శివమ్మ చాయ్ తెచ్చింది. కప్పు అందుకుంటూ మాధవీలత ఆమె వంక చూసింది. శివమ్మ చటుక్కున తల తిప్పుకుంది. మొదటిసారి ఎదురుపడ్డ ఇద్దరు ఆడవాళ్లు అట్లా చూసుకోరు. ఆ సంగతి కూడా ఆయన మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పితే లోపల దూది పరిచినట్టు దుమ్ము. మాధవీలత బ్రష్షుతో అంతా దులిపి, ఒక పాత కార్డును ఊడబెరికింది.

"గిదేంది? ఎందుకు పీకినవ్?"

"పాత మోడెం. టెలిఫోన్ తీగతోని ఇంటర్నెట్ వచ్చినప్పటిది. కొత్త కార్డుకు జాగ కావాలె గద."

బాలమల్లు ఆ మోడెంను ఆమె చేతిలోంచి తీసుకుని, పేపర్లో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె కొత్త కార్డును అట్టడబ్బాలోంచి తీసింది. అరచేతి వెడల్పున్న పచ్చని కార్డును ఖాళీ గాడిలో ఆనించి, రెండు బొటనవేళ్లతో నొక్కింది. అది కూర్చుంది. స్క్రూ బిగించి, స్విచ్ వేసి, కార్డుతో వచ్చిన సీడీ పెట్టింది. రెండు నిమిషాలు బాగానే నడిచింది. ఆ తర్వాత తెరంతా నీలంగా మారి, తెల్ల అక్షరాలు బారులు తీరాయి.

"చెడగొట్టినవా?"

"చెడిపోలె బాపూ. ఈ సీడీల ఉన్నది కొత్త కంప్యూటర్ల కోసం రాసింది. మీది పాతది, దానికది పడలె. కార్డును నడిపిచ్చే సాఫ్ట్‌వేర్, పాత డ్రైవర్ నా దగ్గర ఉన్నది, అదెయ్యాలె."

పెన్‌డ్రైవ్ కోసం సంచి వెతుకుతుండగా ఆమె సెల్‌ఫోన్ మోగింది. నంబర్ చూసుకుని వాకిట్లోకి వెళ్లింది. బాలమల్లు చప్పుడు చేయకుండా కిటికీ పక్కకు జరిగాడు.

"ఇంకా కాలేదమ్మా... లేదు, ఆయన పక్కనుంచి లేస్తలేడు... నేనట్ల చెయ్యలేను. మొన్ననే చెప్పిన గద."

అనుకున్నదే అయింది. రాజు భార్యే అయ్యుంటుంది, ఈమెను మొన్ననే పోయి కలిసింది. తన భార్యకు చెబుదామని వంటింట్లోకి తొంగి చూశాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, శివమ్మ మాత్రం లేదు. పెరట్లో ఉందేమోలే అనుకుని, క్యాసెట్టును ఒళ్లో పెట్టుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఇక ఆమె చేతుల మీది నుంచి చూపు తిప్పకూడదని గట్టిగా అనుకున్నాడు.

పాత డ్రైవర్ పట్టింది. వీసీఆర్ నుంచి పసుపు తీగను కార్డుకు తగిలించి, మాధవీలత క్యాసెట్టు కోసం చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు. తనే లేచి వీసీఆర్‌లో పెట్టాడు.

"పాత టేపు బాపూ. బూజు పట్టినట్టున్నది. ఒక్కసారి నడిస్తే నడుస్తది, రెండోసారికి తెగొచ్చు. అందుకే ముందుగాల చూసుడు గిట్ల పెట్టుకోవద్దు, నేరుగ ఎక్కిద్దాం."

తెర మీద బొమ్మ వచ్చింది. కానీ రంగులు లేవు. మామిడి తోరణాలు, కొత్త చీరలు, అన్నీ బూడిద రంగులో పైకి దొర్లిపోతున్నాయి.

"రంగులేడ పోయినయ్?"

"ఇది అమెరికా టీవీల లెక్క మీద ఉన్నది. మన టీవీల లెక్క వేరు." ఆమె ఏదో మార్చింది. బొమ్మ నిలబడింది, రంగులు వచ్చాయి. గుమ్మం ముందు పసుపు పూసుకున్న కాళ్లతో వదినె నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం వినబడడం లేదు.

"మాటలు గూడ తీసేస్తివా?"

"బొమ్మ ఒక తీగల వస్తది, మాట ఇంకో తీగల వస్తది. ఆ తీగ పెట్టిన, కంప్యూటర్ల దాని నోరు మూసి ఉన్నది, జర ఆగుండ్రి." ఒక చోట టిక్కు పెట్టింది. వెంటనే బాజాల మోత గదంతా నిండింది.

టేపును మళ్లీ మొదటికి తిప్పి రికార్డింగ్ మొదలుపెట్టారు. పూజ అయింది. పాలు పొంగాయి. భోజనాల బంతులు సాగాయి. విస్తళ్లు ఎత్తారు. టెంటు కింద కుర్చీలు వేసుకుని మగవాళ్లు కూర్చుంటున్నారు. తెల్లపంచెలో అన్న రామచంద్రయ్య, పక్కన నల్ల మీసాలతో చెన్నయ్య. బాలమల్లు కుర్చీ అంచుకు జరిగాడు. చెన్నయ్య గొంతు సవరించుకుని, "ఇగ గల్లీ సంగతి..." అన్నాడు.

బొమ్మ ఆగిపోయింది. తెర మధ్యలో ఇంగ్లీషులో ఏదో రాసున్న చిన్న డబ్బా లేచింది. మాధవీలత గబుక్కున వీసీఆర్ ఆపింది.

బాలమల్లు లేచి నిలబడ్డాడు. "సరిగ్గ గాడనే ఆగిందా? పూజంత ఎక్కింది, తిండంత ఎక్కింది, గల్లీ మాట దగ్గరికొస్తె ఆగిందా? ఎవలు చెప్పిన్రు నీకు? రాజు చెప్పిండా, వాని పెండ్లామా?"

"ఈ పాత డిస్కుల ఒక్క ఫైలు నాలుగు జీబీలకంటె పెద్దగ కాదు. నిండంగనే ఆగింది. ఇగ ముక్కలు ముక్కలుగ ఎక్కిస్త..."

"ముక్కలు చేస్తవా! వాకిట్ల ఫోన్ల నువ్వు మాట్లాడింది నేను వినలేదనుకున్నవా? ఎవలామె? ఏం చెయ్యమన్నది నిన్ను?"

మాధవీలత మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది. "నమ్మకం లేకుంటె చెప్పుండ్రి బాపూ, కార్డు విప్పుకొని పోత. పొద్దటిసంది దొంగను చూసినట్టు చూస్తున్నరు."

"ఆమెనేమనకు."

గుమ్మంలో శివమ్మ నిలబడి ఉంది. చేతిలో సెల్‌ఫోన్.

"ఫోను చేసింది నేను. బుధవారం షాపుకు గూడ నేనే పోయిన. మీ కంప్యూటర్ పాతది, కార్డు నడువదని ఆయనకు చెప్పు బిడ్డా అని బతిమాలిన. అబద్ధం చెప్పనన్నది. ఇయ్యాల మల్లొకసారి అడిగిన. మల్ల గదే మాట."

ఎన్ని వైపుల నుంచి కాపు కాసినా ఈ వైపు బాలమల్లు చూడలేదు. "నువ్వా? వాళ్లతోని కలిసినవా నువ్వు?"

"ఎవలతోని కలువలె. ఇగ చూడు, నీకే తెలుస్తది" అని శివమ్మ గడప మీదే కూర్చుండిపోయింది.

మాధవీలత టేపును కొంచెం వెనక్కి తిప్పి, రెండో ఫైలు మొదలుపెట్టింది.

చెన్నయ్య గల్లీ సంగతి ఎత్తాడు. రామచంద్రయ్య నవ్వి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, "గల్లీదేమున్నదే, సగం నీది, సగం నాది తమ్మీ" అన్నాడు.

"విన్నరా!" బాలమల్లు తొడ మీద చరుచుకున్నాడు. "నేను జెప్పలె?"

కానీ బొమ్మ అక్కడ ఆగలేదు. కుర్చీల వరసలోంచి ఒక మనిషి కర్ర పట్టుకుని, కుంటుకుంటూ లేచాడు. నిండుగా నల్లటి జుట్టు, బక్క ఒళ్లు. అది తనేనని గుర్తుపట్టడానికి బాలమల్లుకు ఒక్క క్షణం పట్టింది.

"వద్దన్నా" అంటున్నాడు ఆ మనిషి. "లారీ తాకి నేను దవాఖానల పడ్తె నలబై దినాలు నా మంచం కాడ కూసున్నవ్. నా కాలు తియ్యకుంట ఉండాలని నీ ఎడ్లనమ్మినవ్. గల్లీ మొత్తం నీదే. పెద్దమనుషుల ముందట చెప్తున్న, నాకందుల ఒక్క అడుగు గూడ వద్దు."

అన్న వద్దు వద్దని చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయాడు. తమ్ముడు కూర్చోలేదు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. తర్వాత కెమెరా పిల్లల వైపు తిరిగింది.

పైన విమానం పోతున్న చప్పుడుకు కిటికీ రెక్క సన్నగా అదిరింది.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు బాలమల్లు. పెట్టింది. మూడోసారి కూడా పెట్టించుకున్నాడు. ఆ ఎడ్లు ఆయనకు గుర్తొచ్చాయి. ఒకదానికి కుడి కొమ్ము కొంచెం వంకర. కాలు విరగడం గుర్తుంది, దవాఖాన గుర్తుంది, అన్న అన్న మాట గుర్తుంది. తను అన్న మాట మాత్రం ఎట్లా జారిపోయిందో ఆయనకు అంతు చిక్కలేదు.

కొంచెం సేపటికి, ఎటో చూస్తూ, మెల్లగా అడిగాడు. "అన్న మాట దాంక ఉంచి, ఎనుకది కొయ్యొస్తదా?"

శివమ్మ తలెత్తింది.

"కొయ్యొస్తది. రెండు నిమిషాల పని" అంది మాధవీలత. "గని నేను కొయ్య. కావాలంటె ఎట్ల కొయ్యాల్నో చూపిస్త, మీరే కోసుకోండ్రి." మౌస్‌ను ఆయన వైపు జరిపింది.

బాలమల్లు దాని మీద చెయ్యి వేశాడు. తెర మీద అన్న నవ్వుతూ ఆగి ఉన్నాడు. ఆ బొమ్మలో తను ఇంకా కుర్చీలోంచి లేవలేదు. చెయ్యి కదిపితే తెర మీద బాణం గుర్తు కదిలింది. ఎంతసేపు అట్లా కూర్చున్నాడో, చివరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మొత్తం ఎక్కించు బిడ్డా. కొయ్యకు."

ఆమె సీడీ చేసి, ఇంకో కాపీ కూడా ఇచ్చి, వీసీఆర్ కట్టుకుని వెళ్లిపోయాక ఆయన భార్య పక్కన గడప మీద కూర్చున్నాడు. "నాకు ముందే ఎందుకు చెప్పలె?"

"నువ్వన్న మాట నాకు యాదున్నది, గని చెప్తె నమ్ముతుంటివా? రాజు నాకేదో ఆశ పెట్టిండంటుంటివి. పది మంది ముందట నువ్వు తలకాయ దించుకునుడు చూడలేక గట్ల చేసిన." చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చేసిన పని మంచిది గాదు, నాకెరుకే."

ఆదివారం పంచాయతీ ఆఫీసులో సీడీ నడిచింది. బాలమల్లు కావాలనుకుంటే రాకుండా ఉండొచ్చు, కానీ వచ్చాడు, ముందు వరసలోనే కూర్చున్నాడు. తెర మీద తను ఏడుస్తుంటే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చెన్నయ్య కసిరాడు. అయిపోయాక బాలమల్లు లేచి, "గల్లీ రాజుదే. నేనే మర్చిపోయిన" అన్నాడు.

అందరూ లేస్తుండగా రాజు దగ్గరికొచ్చాడు. "చిన్నాయనా, ఆ సీడీ ఒకటి నాకిస్తవా?"

"దేనికి? కోర్టులకా?" అప్రయత్నంగానే నోరు జారింది.

"నాయన గొంతు ఉన్నది గద దాంట్ల. మా ఇంట్ల ఫొటోనే ఉన్నది."

బాలమల్లు జేబులోంచి రెండో కాపీ తీసి ఇచ్చాడు.

రెండు వారాలకు రాజు పునాదికి ముగ్గు పోయించాడు. బాలమల్లు తన అరుగు మీద నుంచి చూశాడు. ముగ్గు గీత గల్లీ అంతా మింగలేదు. ఇవతల మనిషి పోయేంత దారి మిగిలింది. దిగి వెళ్లి అడుగులతో కొలిచాడు, మళ్లీ వెనక్కి కొలిచాడు. మేస్త్రీని అడిగితే, "ఓనర్ గింతే గియ్యమన్నడు" అన్నాడు.

ఇంట్లోకి వచ్చి శివమ్మతో అన్నాడు. "మొత్తం వానిదైనంక మూడడుగులు ఎందుకిడిచిండంటవ్? ఏమన్న ఉపాయమా?"

"నన్నెందుకడుగుతవ్? పోయి వాణ్నే అడుగు."

బాలమల్లు చెప్పులేసుకుని, ముగ్గు తొక్కకుండా దాటి, రాజు వాకిట్లోకి నడిచాడు.