జానెడు తక్కువైన అద్దాల గది

సముద్రం తుమ్మితే తుంపరలు పడేంత దగ్గర్లో ఒక పాత ఇల్లుంది. దాని వయసెంతో దానికే గుర్తులేదు. ఆ ఇంటి వెనక బండలు పరిచిన వసారా ఒకటి. పైన కప్పుంది గానీ మూడు పక్కలా గోడల్లేవు. అక్కడ కూర్చుని కాఫీ తాగితే మూడో గుక్కకి ఉప్పగా తగులుతుంది. ఇవాళ వేసిన ఇనుప కుర్చీని రేపు చీపురుతో ఊడ్చుకోవాలి. ఇక గాలంటారా, ఒకరోజు ఆ గాలికి పేపర్లో అక్షరాలు లేచిపోయి పక్కింటి గోడకి అతుక్కున్నాయట. పక్కింటివాళ్లు ఆ పూటకి పేపరు కొనలేదు.

ఆ ఇల్లు మేస్త్రి అత్తగారిది. మేస్త్రి అంటే చెక్కపనిలో చెయ్యి తిరిగినవాడు. పాత ఇళ్ల వసారాలకి అద్దాలు బిగించి ఎండగదులుగా మార్చడంలో చుట్టుపక్కల వీధులన్నిటికీ అతనే దిక్కు. లోకమంతా అతన్ని ‘మేస్త్రీ’ అని పిలుస్తుంది. పిలవనిది ఒక్క అత్తగారే. ఆవిడ ‘అల్లుడుగారూ’ అంటుంది. ఆ ‘గారు’లో తేనె పూసిన సూది ఉంటుంది.

దీనికో కారణం ఉంది. పెళ్లయిన మూడో రోజున మేస్త్రి తన చేత్తో చేసిన పొడుగాటి టేకు బల్ల తెచ్చి అత్తగారికిచ్చాడు. చుట్టాలందరి ముందూ ఆవిడ దానిమీద దర్జాగా కూర్చుంది. బల్ల దర్జాగా కూలింది. కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకి పోయాయి. ఒకటి వీధిలో దొరికింది. తొందరలో మరలు బిగించడం మరిచిపోయాడు, అంతే. కానీ అత్తగారు ఆ చెక్కలన్నిటినీ ఏరి, తాడేసి కట్టి, అటకమీద దాచింది. ఇరవై రెండేళ్లుగా మేస్త్రి తన పనితనం గురించి నోరు తెరవగానే ఆవిడ ఏమీ అనదు. మెల్లగా తలెత్తి అటకవైపు చూస్తుంది. మేస్త్రి నోరు మూస్తాడు.

అలాంటి అత్తగారు ఒకరోజు మోకాళ్లు పట్టుకుని, “అల్లుడుగారూ, ఈ గాలికి నా మోకాళ్లు తలుపుల్లా కిర్రుమంటున్నాయి. వసారాకి అద్దాలు బిగిస్తారా?” అంది.

మేస్త్రికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేశాడు కూడా.

“ఆగండాగండి. మా అక్క వచ్చే ఆదివారం వస్తోంది. దాని ఇంట్లో ఏదో కంపెనీవాళ్లు వచ్చి ఎండగది కట్టారట. ఫోన్ చేసినప్పుడల్లా ఆ గది గురించే. నా చెవులు కాయలు కాశాయి. దాని ముందు నేను తల ఎత్తుకునేలా ఉండాలి. లోపలికి గాలి చుక్క రాకూడదు. బాగుంటే సరే. ఏమాత్రం తేడా వచ్చినా, ఈ గుమ్మంలోకి మీరు అల్లుడిగా రండి, భోంచెయ్యండి, వెళ్లండి. సుత్తీ ఉలీ మాత్రం గేటు బయటే పెట్టి రండి. ఏమంటారు?”

“ఒప్పుకున్నా అత్తయ్యగారూ!” అన్నాడు మేస్త్రి.

పని మొదలైంది. పాత ఇంట్లో ఏదీ తిన్నగా ఉండదు. రసమట్టం పెడితే అందులో బుడగ సిగ్గుపడి ఒక మూలకి పోయి కూర్చుంది. నేల సముద్రంవైపు వాలింది. స్తంభాలు ఒకదాని మీద ఒకటి చాడీలు చెప్పుకుంటున్నట్టు వంగి ఉన్నాయి. మేస్త్రి వాటన్నిటికీ నచ్చజెప్పి, చట్రాలు నిలబెట్టి, తుప్పు పట్టని ఇత్తడి మరలు బిగించాడు. ఒక్కో మరనీ మూడేసి సార్లు చూసుకున్నాడు. బల్ల నేర్పిన పాఠం.

మేస్త్రికో అలవాటుంది. టేపుతో కొలవడు. “సముద్రపు గాలికి టేపు తుప్పు పట్టి సగంలో ఆగిపోతుంది. నా చెయ్యి తుప్పు పడుతుందా?” అంటాడు. జానలు, మూరలు, అంతే. ఇరవై రెండేళ్లలో ఒక్క అద్దం తేడా రాలేదు. ఎందుకంటే కొలిచేదీ అతనే, అద్దాల కొట్టుకి పోయి కోయించేదీ అతనే.

ఈసారి చట్రాలు వదిలి పోవడానికి వీల్లేక బావమరిదిని పంపాడు. బావమరిది అంటే అత్తగారి ఒక్కగానొక్క కొడుకు. సరదా మనిషి, చురుకైనవాడు. పొడుగు విషయంలో మాత్రం దేవుడు కాస్త పొదుపు చేశాడు. వెడల్పుకి గుర్తుగా మేస్త్రి ఒక కర్రముక్క కోసి చేతిలో పెట్టాడు. ఎత్తుకి అంత పొడుగు కర్ర స్కూటర్ మీద పట్టదని, “నాలుగు మూరలు, మరిచిపోకు” అని నోటితో చెప్పాడు.

బావమరిది దారిపొడుగునా “నాలుగు మూరలు, నాలుగు మూరలు” అని జపం చేసుకుంటూ వెళ్లాడు. మూడు రోజుల తర్వాత పదకొండు అద్దాలూ బండిమీద వచ్చాయి. సముద్రం వైపుకి అయిదు, అటు మూడు, ఇటు మూడు. మేస్త్రి మొదటి అద్దం ఎత్తి చట్రంలో నిలబెట్టాడు. వెడల్పు వెంట్రుకవాసి తేడా లేదు. పైన మాత్రం జానెడు ఖాళీ. ఆ ఖాళీలోంచి ఒక కాకి లోపలికి తొంగి చూసి, పాపం అన్నట్టు తలాడించి వెళ్లింది.

రెండో అద్దం. జానెడు. మూడోది. జానెడు.

“ఒరేయ్, కొట్టులో ఎవరి చెయ్యి పెట్టి కొలిచావురా?”

“నా చెయ్యే బావా. కొట్టాయన కూడా అడిగాడు, ఎవరి మూరండీ అని. మా మూరే కొయ్యండి అన్నాను, దర్జాగా.”

“నీ మూరా!”

“మూరంటే మూరే కదా బావా! దేవుడిచ్చిన మూర!”

“దేవుడు నీకు ఇవ్వబోయి మధ్యలో ఫోనొస్తే వెళ్లిపోయాడ్రా!”

మేస్త్రి తన చెయ్యి పక్కన బావమరిది చెయ్యి పెట్టి చూశాడు. మూరకి మూడు వేళ్లు తక్కువ. నాలుగు మూరలకి పన్నెండు వేళ్లు. అంటే సరిగ్గా జాన. లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూసి అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ గొంతులో గుద్దుకుని ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

“కొత్తవి కోయిద్దామా బావా?”

“ఎల్లుండి ఆదివారం. కొట్టాయన మళ్లీ మూడు రోజులంటాడు.”

“అయితే అమ్మకి నిజం చెప్పేద్దామా?”

ఇద్దరూ ఒకేసారి తలెత్తి అటకవైపు చూశారు. చూస్తూ చూస్తూ మేస్త్రి కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి. అటకమీద టేకు చెక్క. ఇరవై రెండేళ్లు ఉప్పుగాలి తాగి, ఎండి, బిగిసిపోయి, ఇక జన్మలో ఉబ్బని, వంగని చెక్క.

“బావా, వద్దు. అది మా అమ్మ ఆయుధం.”

“మీ అమ్మ మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటుంది?”

“గురక మొదలైతే గంటన్నర గ్యారంటీ.”

గురక మొదలైంది. ఆ గురకకి చట్రాలు సన్నగా వణుకుతుంటే, దాని తాళానికే మేస్త్రి రంపం కోశాడు. గురక పైకి పోయినప్పుడు రంపం ముందుకి, కిందికి దిగినప్పుడు వెనక్కి. ఒక్క చప్పుడు బయటపడలేదు. బల్ల పలక, కాళ్లు, వెనక ఆనుకునే చెక్క, అన్నీ కోసి పదకొండు రెక్కలు తీశాడు. ఒక్కో అద్దం పైన ఒక్కో రెక్కని ఇత్తడి బందులకి తగిలించి, అన్నిటికీ కలిపి ఒకే తాడు కట్టి, తాడు కొస మూలలో తెర చాటున దాచాడు. తాడు వదిలితే రెక్కలు చీమకైనా దారివ్వకుండా మూసుకుంటాయి. లాగితే తెరుచుకుంటాయి. పైన చెక్క నగిషీ అనుకోవాలంతే.

ఆదివారం పొద్దున్నే పెద్దత్తగారు దిగింది. గొడుగూ, పౌడరూ, చేతిసంచీ, వాటితోపాటు మెడలో బంగారు గొలుసుల కన్నా బరువైన గొప్పలూ.

“ఏమే చెల్లీ, ఇదేనా నీ గది? బాగానే ఉందిలే. మా గది కట్టినవాళ్లు మెడకి టైలు కట్టుకొచ్చారు తెలుసా!”

“ముందు కూర్చో అక్కా” అని అత్తగారు కొవ్వొత్తి వెలిగించి గది మధ్యలో పెట్టింది. బయట గాలికి చెట్లు నమస్కారాలు పెడుతున్నాయి. లోపల కొవ్వొత్తి మంట బొమ్మలో మంటలా నిలబడింది. అత్తగారు మోకాళ్లు తడుముకుంది. వెచ్చగా ఉన్నాయి. మొహంలో చిన్న నవ్వు మొలకెత్తబోయింది.

అంతలో సూర్యుడు స్తంభం దాటి లోపలికొచ్చాడు.

అద్దాల గదిలో ఎండంటే తెలుసుగా. మొదట పెద్దత్తగారి కళ్లజోడు మసకేసింది. తర్వాత పౌడరు కాలవలు కట్టింది. గ్లాసులో మంచినీళ్లు బుడబుడమన్నాయి. ఇందాక నిటారుగా నిలబడ్డ కొవ్వొత్తి మెత్తబడి, వంగి, పెద్దత్తగారి కాళ్లకి దణ్ణం పెట్టింది. గోడగడియారంలో ముల్లు సాగి, పదకొండుకి బదులు పదకొండూ పన్నెండూ కలిపి చూపించింది.

“చెల్లీ, నే పోతానే. ఉడికిపోతున్నా” అంటూ పెద్దత్తగారు లేవబోయింది. కుర్చీ కూడా ఆవిడతోపాటే లేచింది, చెమటకి అతుక్కుని.

అత్తగారి మొహం మాడిపోయింది. అల్లుడివైపు చూడలేదు. నెమ్మదిగా తలెత్తి, ఇంట్లో అటకవైపు చూసింది. అటక ఖాళీగా ఉంది.

“అల్లుడుగారూ,” అంది, చాలా నెమ్మదిగా, “అక్కడ ఉండాల్సినదేదో లేదేం?”

బావమరిది మేస్త్రి చెవిలో, “బావా, లాగు!” అన్నాడు.

“లాగితే జానెడు తప్పు బయటపడుతుందిరా!”

“లాగకపోతే పెద్దమ్మ బయటపడుతుంది, కుర్చీతో సహా!”

మేస్త్రి కళ్లు మూసుకుని తాడు లాగి, స్తంభానికి ముడేశాడు.

టపటపా పదకొండు రెక్కలూ తెరుచుకున్నాయి. లోపలున్న వేడంతా ఒక్క ఉదుటున పైకి లేచి బయటికి దూసుకుపోయింది. ఆ వేడికి పక్కింటి తీగమీద తడిబట్టలు ఆరి, మడతలు పడి, వరసగా గోడమీద కూర్చున్నాయి. మొన్నటి కాకి రెక్క ఆడించకుండానే మేఘాల్లోకి పోయింది. దాని వెనకే సముద్రం వైపునుంచి చల్లటి గాలి వచ్చి, వాళ్ల తలలమీదుగా జారి, పక్క రెక్కల్లోంచి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. కిందికి మాత్రం దిగలేదు. మోకాళ్లు వెచ్చగానే ఉన్నాయి, తల చల్లబడింది.

పెద్దత్తగారు కుర్చీతో సహా కూలబడింది. కళ్లు మూసుకుంది. “హమ్మయ్య!” అంది. తర్వాత ఒక్కసారిగా బావురుమంది. “ఒసేవ్ చెల్లీ, నీ దగ్గర దాపరికం దేనికే! మా గదిలో ఊపిరాడే సందే లేదు. లోపల ఆవిరికి తలుపు ఉబ్బి ఇరుక్కుపోతే మొన్న నన్ను కిటికీలోంచి లాగారు. నడుము దగ్గర ఆగిపోయాను. వీధి వీధంతా వచ్చి లాగింది!”

ముందు నవ్వింది బావమరిది. తర్వాత అత్తగారు. చివరికి పెద్దత్తగారే అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకి అద్దాలు పదకొండూ గలగలమన్నాయి. ఒక్కటి ఊడలేదు, ఒక్క మర వదులు కాలేదు.

“ఎవరే నీకు ఈ రెక్కలు పెట్టింది? మా ఇంటికి పంపవే!”

అత్తగారు నవ్వాపి పైకి చూసింది. రెక్కల చెక్కని, దానిమీద ఎర్రటి చారల్ని చాలాసేపు చూసింది. ఆ చారలు ఆవిడకి చుట్టాల కన్నా బాగా తెలుసు. జరిగింది చెప్పేద్దామని మేస్త్రి నోరు తెరిచాడు గానీ ఎక్కిలి తప్ప మాట రాలేదు. ఆవిడ కళ్లు రెక్కల మీదనుంచి కొడుకు పొట్టి చేతుల మీదికి, అక్కణ్నుంచి అల్లుడి పొడుగు చేతుల మీదికి ప్రయాణం చేశాయి. ఆవిడకి లెక్కంతా తెలిసిపోయిందని మేస్త్రికి తెలిసిపోయింది.

“వచ్చే నెల దాకా కుదరదక్కా” అంది అత్తగారు. “మా వాడికి ఈ ఇంట్లోనే బోలెడు పనుంది. ముందువైపు వసారా, మేడమీద గది, వంటింటి కిటికీ.”

ఆ పైన తల తిప్పకుండానే, చెయ్యి మాత్రం ఊపి, కేకేసింది.

“ఏయ్ మేస్త్రీ! ఏం నిలబడ్డావక్కడ? ఆ చివరి రెక్క కాస్త వాల్చు, అక్క సవరం ఎగిరిపోతోంది!”

మేస్త్రి కదల్లేదు. బావమరిది గిల్లితే కదిలాడు. వెళ్లి రెక్క వాల్చాడు. అది వాల్చడానికి నిచ్చెన కావాలి. అతను నిచ్చెన వేసుకోలేదు. ఆ పూటంతా అతని కాళ్లు నేలకి జానెడు ఎత్తునే ఉన్నాయని బావమరిది ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఎవరి జాన అని మాత్రం అడక్కండి.