రెండు కుట్లు చూపించిన రాయి

తప్పులుంటే మన్నించాలి. మా ఆయన పోయాక, అరవై దాటాక అక్షరాలు దిద్దాను. ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తూనే ఉన్నాయి. ఈ నాలుగు కాగితాలకి పదకొండు రోజులు పట్టింది. మా ఆడపడుచు చెప్పిన సంగతే ఇది. కాస్త ఉప్పూ కారం మాత్రం నావి.

ఆడపడుచు బట్టలు కుడుతుంది. ఆమె మొగుడు ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. కంకర గుట్ట కనిపిస్తే చాలు, అక్కడ వంగిపోతాడు. తెచ్చిన ప్రతి రాయికీ పాత టిక్కెట్టు ఒకటి అంటించి, వెనక అది దొరికిన చోటు రాస్తాడు. అది ఏ రాయో తేలిన రోజున టిక్కెట్టుకి బస్సులో వాడిన పంచ్‌తో చిల్లు పెడతాడు. చిల్లు లేదంటే ఆ రాయి ఇంకా ఊరు చేరలేదని లెక్క.

ఇంట్లో ఉన్నది ఒకటే గోడ అలమార. నాలుగు అరల్లోనూ రాళ్ళే. ఆడపడుచు దారపు రీళ్ళన్నీ మంచం కింద అట్టపెట్టెల్లో ఉండేవి. రంగు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ మోకాళ్ళ మీద పాకాల్సిందే. లేచేటప్పుడు ఆ మోకాళ్ళు పెట్టే కేకలు వీధిలోకి వినిపించేవి.

"మంచం కింద బోలెడు ఖాళీ ఉంది కదే" అనేవాడు కండక్టరు.

"అయితే మీరెళ్ళి కూర్చోండి, నేను టిక్కెట్టు కొడతాను" అనేది ఆవిడ.

ఒకరోజు పొద్దున్నే ఆయన చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చాడు. అరచేతిలో ఒక రాయి. నీళ్ళలా తేటగా ఉంది. ఎవరో ఒక పక్కకి తోస్తే ఒరిగిపోయిన అగ్గిపెట్టెలా ఉంది దాని ఆకారం.

"స్ఫటికమే ఇది! ఎంత నున్నగా ఉందో చూడు."

"పగిలిన సీసా అడుగు."

"గాజని తేలితే అలమార మొత్తం నీదే, పో!"

"మాట మీద నిలబడతారా?"

"ముప్పై ఏళ్ళు నిలబడే ఉద్యోగం చేశానే నేను."

పరీక్ష అప్పుడే జరిగింది. స్ఫటికం గాజుని గీస్తుందని ఆయనకి తెలుసు. పాత కిటికీ అద్దం ముక్క తెచ్చి, రాయిని దాని మీద బలంగా రాశాడు. అద్దం మీద గీత పడలేదు సరికదా, రాయి మూలే పొడి రాలింది. కండక్టరు మొహం వాడిపోయింది.

"గాజుని గీయలేదంటే ఇదీ గాజే" అన్నాడు. "తీసుకో, నీ కాగితాలు ఎగరకుండా పెట్టుకో."

ఆడపడుచు సంతోషం అంతా ఇంతా కాదు. ఏ అరలో ఏ రంగు పెట్టాలో రాత్రికల్లా ఖాయం చేసుకుంది.

మర్నాడు ఫ్యాను గాలికి జాకెట్టు కొలతల కాగితాలు ఎగురుతుంటే వాటి మీద ఆ రాయి పెట్టింది. కాసేపటికి కుట్టిన గుడ్డ కూడా జారిపోతుంటే, ఆ రాయే తీసి గుడ్డ మీద పెట్టింది. అద్దాలు సర్దుకుని వంగి చూస్తే కుట్టు పక్కనే ఇంకో కుట్టు! మిషను పిచ్చెక్కి రెండుసార్లు కుట్టిందనుకుని, రాయి పక్కకి తీసి జానెడు మేర కుట్టు విప్పేసింది. తీరా చూస్తే ఉన్నది ఒకటే వరస కుట్టు. మళ్ళీ కుట్టి, మళ్ళీ రాయి పెట్టి చూసింది. మళ్ళీ రెండు.

తన కళ్ళకే ఏదో అయిందనుకుంది ఆవిడ. కళ్ళు పోతే కుట్టేదెవరు? రాయితో సహా గుడ్డని మడిచి సంచిలో వేసుకుని కళ్ళజోళ్ళ దుకాణానికి పరుగెత్తింది.

దుకాణమాయన గోడ మీది అక్షరాలు చూపించాడు. అన్నీ ఒక్కొక్కటే కనిపించాయి. "మీ కళ్ళకేం కాలేదమ్మా. నాకంటే బాగున్నాయి."

"మరి కుట్టు రెండెందుకయ్యింది నాయనా?" అంటూ ఆవిడ గుడ్డ పరిచి, ఇంట్లో పెట్టినట్టే రాయి పెట్టి చూపించింది.

ఆయన వంగి చూశాడు. రాయి తీసి కాగితం మీద ఒక చుక్క పెట్టి, దాని మీద ఉంచాడు. చుక్కలు రెండయ్యాయి. రాయిని మెల్లగా తిప్పితే ఒక చుక్క కదలకుండా ఉంది, రెండోది దాని చుట్టూ తిరిగింది.

"అమ్మా, ఇది మా చదువులో బొమ్మల్లోనే చూశాను. కాల్సైట్ అంటారు. వెలుతురు ఇందులోకి వెళ్ళి రెండు దారులు పట్టి బయటికొస్తుంది. గాజు ఇలా చేయదు."

"గాజుని గీయలేదుగా?"

"గాజు కంటే మెత్తనిది. గీయలేనిదల్లా గాజే అయిపోతుందా? ఇంటికెళ్ళి నిమ్మరసం చుక్క వేయండి, బుడగలొస్తాయి."

కళ్ళు బాగున్నాయన్న ఆనందం వీధి మలుపు దాకా ఉంది. అక్కడ అలమార గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే నాలుగు అరలూ తనవే. రాయికి నోరు లేదు, దుకాణమాయన ఇంటికి రాడు.

ఇంటికొచ్చేసరికి కండక్టరు అలమార ముందు పీట వేసుకుని, రాళ్ళని ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి బస్తాలో పెడుతున్నాడు. ప్రతి టిక్కెట్టునీ చదివి మరీ పెడుతున్నాడు.

"ఆగండి. లేచి నిమ్మకాయ కోయండి" అంది ఆడపడుచు.

"ఇప్పుడు నిమ్మకాయెందుకే?"

"చెప్పింది చెయ్యండి."

నిమ్మరసం చుక్క వేసి ఇద్దరూ తలలు తాకేంత దగ్గరగా వంగారు. కాసేపటికి రాయి మీద సన్నని బుడగలు లేచాయి. దుకాణంలో కాగితం మీది చుక్క రెండైన కథ, రెండు దారుల కథ ఆవిడ చెప్పింది. కండక్టరు కాగితం మీద చుక్క పెట్టి, పైన రాయి ఉంచి తిప్పి, తిప్పి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ తిప్పాడు.

"గాజు కాదుగా, పందెం మీరే గెలిచారు" అంది ఆవిడ. "అలమార మీదే."

ఆయన టిక్కెట్టు రాసి, చిల్లు కొట్టే పంచ్‌ని ఆవిడ చేతికిచ్చాడు. "ఇది కనిపెట్టింది నువ్వు. నువ్వే కొట్టు." టక్కుమని చిల్లు పడింది.

తర్వాత ఆయన ఎవరూ అడగకుండానే మోకాళ్ళ మీద మంచం కిందికి దూరాడు. అట్టపెట్టెలు లాక్కుని బయటికొచ్చేసరికి ఆయన మోకాళ్ళూ కేకలు పెట్టాయి. "అబ్బ, ఇన్నాళ్ళూ ఇలాగే పాకావా?" అన్నాడు. అలమార ముందు నిలబడి గొంతు పెంచాడు:

"జరగండి, జరగండి! ముందుకి జరగండి! లోపల బోలెడు ఖాళీ ఉంది!"

రాళ్ళు వెనక వరసకి జరిగాయి. ముందు వరసలో రీళ్ళు నిలబడ్డాయి. ఆ రాయి మాత్రం ఇప్పటికీ మిషను పక్కనే ఉంటుంది, కాగితాల మీద. కుట్టు మీద మాత్రం ఆవిడ పెట్టనివ్వదు.

ఇట్లు,
వీధిలో అందరూ మేడమీది పెద్దమ్మ అని పిలిచే నేను. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు మా చిన్నమ్మాయి ఇంట్లో, మెట్లెక్కగానే ఉన్న గదిలో ఉంటున్నాను.