తోక తీసిన రొయ్యలు

చేపల దుకాణం తమ్ముడిదే అయినా రొయ్యలు ఒలిచే పని ఇరవై ఏళ్లుగా అక్కది. ఆమె చేతికో అలవాటుంది. మన తీరం రొయ్యకి తోక ఉంచుతుంది. పై దేశం నుంచి గడ్డకట్టి వచ్చిన రొయ్యకి తోక కూడా తీసేస్తుంది. ఒలిచాక రెండూ ఒకటే తెలుపు. ఆ తోకని చూసే ఏ పళ్లెంలో ఏ దేశం సరుకని చీటీ గుచ్చాలో తెలిసేది.

ఆ ఉదయం తమ్ముడి పెళ్లాం సాయానికి కూర్చుంది. అక్క ఐసు తెచ్చేసరికి బేసిన్ నిండా రొయ్యలు. ఒక్కదానికీ తోక లేదు.

"రెండు బుట్టలవీ కలిపి ఒలిచేశావా?"

"ఒలిచేశా వదినా! నీటుగా ఉంటాయని తోకలు కూడా లాగేశా," అంది మరదలు మురిసిపోతూ.

దేశం పేరు తప్పు పెట్టినందుకు ఇప్పటికే రెండుసార్లు హెచ్చరిక కాగితం వచ్చింది. మూడోసారి దొరికితే దుకాణానికి తాళమే. తనిఖీ ఆఫీసరు అప్పుడే వీధి చివర్న దిగాడు.

తమ్ముడు మన తీరం చీటీ తీసి బేసిన్లో గుచ్చబోయాడు. "తలా తోకా లేనిదాన్ని ఎవడు పోల్చుకుంటాడక్కా? అవేమన్నా నోరు విప్పి మా ఊరు ఫలానా అని చెబుతాయా?"

"అవి చెప్పవురా. నా మొహం చెప్పేస్తుంది."

ఆఫీసరు మూడు దుకాణాల అవతల ఉన్నాడు. తర్వాత రెండు. అక్క ఒక రొయ్యని వేళ్ల మధ్య నొక్కి చూసింది. ఇంకోటి. వాసన చూసింది. ఏదీ తేలలేదు.

పక్క దుకాణంలో ఆఫీసరు గొంతు వినబడింది. అక్క చటుక్కున బేసిన్ ఎత్తి లోపల నేల మీద పెట్టింది.

ఆఫీసరు వచ్చి రొయ్యల పళ్లేల్లో ఉత్త ఐసు చూశాడు. "సరుకేదమ్మా?"

"లోపలుంది బాబూ. రెండు దేశాలవీ కలిసిపోయాయి. ఏది ఏదో నాకే తెలీదు. అందుకే అమ్మకానికి పెట్టలేదు."

తమ్ముడు తల పట్టుకున్నాడు. ఆఫీసరు లోపలికెళ్లి బేసిన్ని చాలాసేపు చూశాడు. జేబులోంచి కలం తీశాడు.

"అమ్మనిదానికి చీటీ అక్కర్లేదు," అంటూ కలం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "సాయంత్రం మళ్లీ వస్తా. ఇవి పళ్లెంలో కనబడకూడదు."

ఆయన వెళ్లాక తమ్ముడు గొణిగాడు. "ఇంత సరుకూ ఏం చేద్దామక్కా?"

"ఇంటిల్లిపాదీ తిందాం. నీ పెళ్లామే వండుతుంది. తోకలు తీసే పని కూడా లేదుగా!"

ఎవరూ నవ్వలేదు. మరదలు తల దించుకుంది. అక్క బేసిన్ మీద తడి గోనె కప్పింది. తమ్ముడు అటు వెళ్లినప్పుడల్లా లేచి, గోనె కప్పినట్టే ఉందో లేదో చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంది.