నా బరువుకి లాగని బండి

మంచినీళ్ల గ్లాసు కూడా తనంతట తాను ముంచుకోని మా ఆయన, "బ్యాటరీలలో నీళ్లు ఇకనుంచి నేనే పోస్తాలే, నువ్వు ముట్టుకోకు" అన్న రోజునే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. సంతోషం వేసింది. ఆ పని మొదటినుంచీ నాదే. పొద్దున డికాక్షన్ దిగేలోగా వరండాలోకి వెళ్లి, బండి వెనక చెక్కపెట్టె మూత తీసి, రెండు లారీ బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటర్ పోసి, ఛార్జింగుకి పెట్టి వచ్చేదాన్ని. యాసిడ్ చుక్కలు పడి నా చీరలకి కుచ్చిళ్ల దగ్గర జల్లెడలాగా చిల్లులు. పోనీలే, ఇన్నాళ్లకి నా చీరల మీద దయ కలిగిందనుకున్నాను.

ఆ బండిని ఆయన గో-కార్ట్ అనేవారు. ఫ్యాక్టరీలో ఎవరో తెచ్చిన విదేశీ పత్రికలో బొమ్మ చూశారట. నేలకి జానెడు ఎత్తున ఇనప చట్రం, నాలుగు చిన్న చక్రాలు, ఒక సీటు, స్టీరింగు, చేత్తో నొక్కే స్విచ్చి. ఇంజను బదులు, ఫ్యాక్టరీలో సామాను మోసే ట్రాలీనుంచి విప్పి తెచ్చిన మోటారు. వెల్డింగు దిల్‌సుఖ్‌నగర్‌లో చేయించారు. అది ఎనభై ఆరు ఎండాకాలం. ఎల్బీ నగర్ దాటి కర్మన్‌ఘాట్ వైపున్న మా కాలనీలో అప్పటికి ఇళ్లకంటే పునాదులే ఎక్కువ. ఎక్కడికి వెళ్లాలన్నా ఎర్రమట్టిలో, కంకర కుప్పల మధ్య నడవాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని నడుస్తాను. అందుకని ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో ఆయన, "మా హైమ కోసమే చేస్తున్నానండీ" అనేవారు. వాళ్లు నా కాలువైపు చూసి, తర్వాత నా మొహంవైపు చూసి, "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అనేవాళ్లు. స్పానర్లు అందించడం, గ్రీజు బట్టలు ఉతకడం, ఆదివారాలు ఆయన స్నేహితులు బండి చూడ్డానికి వస్తే పకోడీలు వేయడం, అన్నీ ఆ అదృష్టంలోవే.

నాకు మాత్రం ఆ బండితో నిజంగానే అవసరం పడింది. కాలనీ చివర గడ్డ మీద కొత్తగా స్కూలు పెట్టిన సూర్యప్రభగారు, నేను బీయస్సీ ఫిజిక్సు చదివానని ఎవరో చెబితే మా ఇంటికే వచ్చారు.

"జూన్‌లో స్కూలు తెరిచేనాటికి నాకు సైన్సు టీచరు కావాలి హైమవతిగారూ. రోజూ ఆ ఎత్తు ఎక్కి రాగలరా?"

"మావారు చేసిన బండి ఉందిగా" అన్నాను గర్వంగా.

అప్పటికి అది బాగానే లాగేది. మొదటిసారి నన్ను కూర్చోబెట్టినప్పుడు గేటు దాటి వీధి చివరిదాకా ఒక్క ఊపున పోయింది. నా చెవుల పక్కనుంచి గాలి అలా వేగంగా పోవడం, అదీ నేను ఎవరి వెనకా కూర్చోకుండా, నాకు ముప్పై ఏళ్ల జీవితంలో అదే మొదలు. ఆ సాయంత్రం స్కూలు సంగతి చెబితే ఆయన అన్నం కలుపుకుంటూ "చూద్దాంలే" అన్నారు. ఆ తర్వాతే నీళ్లు తనే పోస్తానన్నది. ఆ వెంటనే చెక్కపెట్టె మూతకి బోల్టులు కూడా బిగించారు.

ఇక అక్కణ్నుంచి నేను కూర్చుంటే బండి మూలగడం మొదలుపెట్టింది. చదును మీద ఎలాగో కదిలేది, కాస్త ఎత్తు రాగానే ఆగిపోయేది. ఆయన చుట్టూ తిరిగి, చెయిను వేలితో నొక్కి, వెనక చక్రం పైకెత్తి తిప్పి చూపించారు.

"చూడు, మోటారులో ఏ దోషమూ లేదు. ఎలా తిరుగుతోందో! బరువు పడితేనే లాగడంలేదు. ఏమీ అనుకోకు హైమా, నువ్వు కాస్త తగ్గాలి."

ఎంతో మృదువుగా, భుజం మీద చెయ్యి వేసి అన్నారు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తయ్య కోటేశ్వరమ్మగారు తల ఎత్తకుండానే, "అదే నేనూ అంటున్నా. కదలకుండా తింటే ఒళ్లు రాక ఏమవుతుంది?" అన్నారు.

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరికంటే చివర పడుకునేదాన్ని నేను. అయినా ఆ మాట నమ్మాను. రాత్రిపూట అన్నం మానేశాను. కాఫీలో పంచదార మానేశాను. నీళ్లబిందె ఎత్తుతుంటే కళ్లు తిరిగేవి. జాకెట్లు వదులైపోయాయి. బండి మాత్రం కదల్లేదు. ఒక పని జరగకపోతే కారణం ఏమిటో వరసగా వెతకాలని కాలేజీలో నేర్చుకున్నదాన్ని, చక్రాన్నిగానీ తీగనిగానీ అనుమానించలేదు. నా ఒంటినే అనుమానించాను. కుంటికాలు ఉన్నవాళ్లకి అది అలవాటైపోతుందనుకుంటాను. ఎక్కడ ఏది ఆగిపోయినా మనవల్లే ఆగిందేమోననిపిస్తుంది.

పక్కింటి ఇంద్రమ్మ వాళ్లది ఆ ఊరే. మా ఇళ్లున్న చోట ఒకప్పుడు వాళ్ల జొన్నచేలు ఉండేవట. ఒకరోజు గోడ మీదనుంచి కరివేపాకు అందిస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందమ్మా, గిట్ల చిక్కినవ్? పానం బాగలేదా?"

"బండి నా బరువుకి లాగడంలేదు ఇంద్రమ్మగారూ. అందుకని కాస్త తిండి తగ్గించాను."

"నీ బరువుకా?" ఇంద్రమ్మ పెద్దగా నవ్వింది. "మొన్న ఐతారం మీ సారు ముంగట కూసున్నడు, ఎన్క పెట్టె మీద ఇంకో లావాటాయన కూసున్నడు. ఇద్దరు గల్సి గా ఇస్కూలు గడ్డ సర్రున ఎక్కిన్రు. నేను బర్రెలకాడ నిలవడి చూస్తున్న. ఒక్కకాడ గూడ ఆగలే."

లావాటాయన అంటే మా ఆయన పై ఆఫీసరు రామమోహనరావుగారు. ఆదివారం భోజనానికి వచ్చారు. బండి చూపించి వస్తానని ఆయన్ని బయటికి తీసుకెళ్లినప్పుడు నేను వంటింట్లో గారెలు వేస్తున్నాను. వాళ్లిద్దరిలో ఏ ఒక్కరిని నా పక్కన నిలబెట్టినా నేను సగం ఉంటాను.

మా ఆయన్ని ఏమీ అడగలేదు. మనిషిని అనుమానించేముందు బండినే అనుమానిద్దామనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం, ఆయన ఫ్యాక్టరీలో ఉండగా, అత్తయ్య నడుం వాల్చాక, వరండాలో చీర బిగించుకుని నేల మీద కూర్చున్నాను. టైర్లలో గాలి నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. చక్రాలు ఒక్కొక్కటే చేత్తో తిప్పాను, బ్రేకు ఎక్కడా రాసుకోవడంలేదు. చెయిను సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది చెక్కపెట్టె. నీళ్లు పోయడానికి రోజూ తెరవాల్సిన మూతకి బోల్టులు ఎందుకో అప్పటిదాకా ఆలోచించనేలేదు. స్పానరు తెచ్చి ఒక్కొక్కటే విప్పాను. లోపల ఏమీ లేకపోతే బాగుండునని కూడా అనిపించింది.

మూత తీశాను. ఎర్రతీగతో ప్లస్సుకి ప్లస్సు, నల్లతీగతో మైనస్సుకి మైనస్సు కలిపి ఉన్నాయి. రెండు బ్యాటరీలని ఒకదాని వెనక ఒకటి కలిపితే మోటారుకి రెట్టింపు ఓల్టేజీ అందుతుంది. ఇలా పక్కపక్కన కలిపితే ఎక్కువసేపు నడుస్తుంది, అంతే. ఓల్టేజీ ఒక్కదానిదే. మనిషి కూర్చోగానే చతికిలబడుతుంది. నేను రోజూ నీళ్లు పోసిన నాళ్లలో అవి ఇలా లేవు. పన్నెండేళ్లు కరెంటు మోటార్లతో పనిచేసిన ఇంజనీరు పొరపాటున చేసే పని కాదిది. పాత కలుపుడు తీగ పెట్టెలో ఒక మూల శుభ్రంగా చుట్టి ఉంది. పారేయలేదు, దాచనూ లేదు. ఆదివారాలు కావాలి గనక చేతికందేలా పెట్టుకున్నారు.

తీగలు విప్పి, మొదట్లో ఉన్నట్టే బిగించాను. నిప్పురవ్వ ఒకటి టప్పుమంది. గేటు తీసి, కూర్చుని స్విచ్చి నొక్కాను. బండి ముందుకి దూకింది. ఇంద్రమ్మ వాళ్ల కొట్టం, కంకర కుప్పలు, సగం లేచిన గోడలు దాటుకుంటూ గడ్డ ఎక్కేశాను. స్కూలు గోడలకి సున్నం వేయిస్తున్న సూర్యప్రభగారు ఆశ్చర్యంగా ఎదురొచ్చారు.

"జూన్‌లో చేరుతున్నానండీ" అన్నాను. ఆయాసం బండికి లేదు, నాకే వచ్చింది.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి పెట్టె మూత తీసే ఉంచాను. చెప్పులు విప్పుతూ చూసి, అలాగే నిలబడిపోయారు.

"ఎవరు తెరిచారిది?"

"నేనే."

"నీ మంచికే చేశాను హైమా. ఆ కాలుతో జోరుగా పోయి ఎక్కడ పడతావోనని."

"ఆ మాటే చెప్పొచ్చుగా. నా బరువు అని ఎందుకన్నారు?"

లోపల్నుంచి అత్తయ్య, "నాకేం తెలీదు, వాడు నాతో ఏమీ అనలేదు" అన్నారు. ఆవిణ్ని ఎవరూ అడగలేదు.

అప్పుడు ఆయనకి కోపం వచ్చింది. "ఇంత చిన్నదానికి నన్ను దొంగలా నిలబెట్టి అడుగుతావా? పిల్లలు లేకపోవడానికి లోపం నీలోనే ఉందని తెలిసి కూడా, ఇన్నేళ్లలో ఒక్కరి దగ్గర నోరు జారానా? ఇంకొకడైతే ఈపాటికి..."

ఆ మాట ఎప్పుడొచ్చినా నేను తల దించుకుని వంటింట్లోకి వెళ్లిపోతాను. ఆ రోజు వెళ్లలేదు. ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. పిల్లల కోసం అప్పట్లో ఇద్దరికీ పరీక్షలు చేసిన డాక్టరమ్మ దగ్గరికి ఫలితం కనుక్కోవడానికి వెళ్లింది ఆయన ఒక్కరే. "నీకెందుకు ఈ ఎండలో, ఆ కాలుతో" అన్నారు. తిరిగొచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో మృదువుగా, "ఏమీ అనుకోకు హైమా, లోపం నీలోనే ఉందిట" అన్నారు. నేను ఏడ్చాను. ఇంకో ప్రశ్న అడగలేదు.

ఆయన చూపు తిప్పుకుని స్నానానికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆయన ఫ్యాక్టరీకి వెళ్లాక తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని బండి బయటికి తీశాను. అత్తయ్య గుమ్మంలోకి వచ్చారు.

"స్కూలు జూన్‌లో అన్నావుగా. ఇప్పుడెక్కడికి?"

"డాక్టరమ్మ దగ్గరికి. అప్పుడు ఆయనతో ఏం చెప్పారో నాకూ ఒకసారి చెప్పమని అడిగి వస్తాను."

అత్తయ్య ద్వారబంధం పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయారు.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా హైమా" అన్నారు.

నా పెళ్లయ్యాక ఆవిడ నన్ను "అమ్మా" అనడం అదే మొదటిసారి.