టాపెట్ కవర్ మీద పొక్కులు

ఇంజన్ పార్టులకు రంగు వేసేది మా ఆయన సైదులు. ఆ రంగు నిలబడేలా చేసేది నేను, సంతోషిని. ఈ రెండో సంగతి ఎల్బీ నగర్ రింగు రోడ్డు వెనకున్న మా షెడ్డుకు వచ్చే ఒక్క గిరాకీకీ తెలియదు. బోర్డు మీద ఆయన పేరే, మెచ్చుకోళ్లూ ఆయనకే. నేను మూలన బకెట్ల మధ్య కూర్చుని ఉంటాను కాబట్టి, అంట్లు తోముకుంటున్నాననుకుంటారు కాబోలు.

పనేమో అంట్లకంటే మొండిది. కిరసనాయిలులో నానబెట్టి బ్రష్షుతో మడ్డి వదిలించాలి. సోడా కలిపిన వేడినీళ్లతో కడగాలి. పాత రంగూ తుప్పూ గీకి ఎమెరీ కాగితంతో రుద్దాలి. ఆఖరున నీళ్లు పోసి చూస్తాను. నీళ్లు పలచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డున్నట్టు. వెంటనే ఆరబెట్టి, మిగిలిన జిడ్డు పోయేలా తిన్నర్ గుడ్డతో తుడిచాక ఎవరినీ ఉత్త చేతులతో ముట్టనివ్వను. వేలికుండే చమురు చాలు, ఇంజన్ వేడెక్కితే రంగు పొక్కులు లేస్తుంది.

సకల జనుల సమ్మె నడుస్తున్న ఆ దసరాకు త్రినాథరావు సారు పాత ఫియట్ మా దగ్గరుంది. సారుది భీమవరం వైపు. ఇరవయ్యేళ్లుగా మూసారాంబాగ్‌లో కాపురం, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. పండుగ ముందురోజు ఇంజన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్‌తో సహా పార్టులన్నీ కడిగి సిద్ధం చేశాను. సమ్మెవల్ల బొగ్గు రాక, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. రంగు చిమ్మే కంప్రెసర్ నడవలేదు. ఉతికిన గుడ్డ కప్పి ఇంటికి పోయాను. పండుగనాడు వంటలో పడి షెడ్డు ముఖం చూడలేదు. ఆయుధపూజకు సారూ, ఆయన భార్య వేదవతి మేడమూ వచ్చారట. వాళ్లు ఉండగానే కరెంటు వస్తే సైదులు రంగు కొట్టేశాడట.

కారు తీసుకెళ్లిన పది రోజులకు ఇద్దరూ మళ్లీ వచ్చారు. సారు బానెట్ ఎత్తి చూపించారు. టాపెట్ కవర్ మీద మూడు చోట్ల రంగు ఉబ్బి పెచ్చులు లేచింది. మిగతాదంతా అద్దంలా ఉంది.

"ఏవయ్యా సైదులూ, ఆంధ్రా వాడి కారని ఇలా చేశావా? మీ ఉద్యమం కోపం నా బండి మీద చూపిస్తే ఎలా?" అన్నారు సారు.

మా షట్టర్ మీద జై తెలంగాణ స్టిక్కర్ ఉంది. సైదులు సమ్మె శిబిరంలో కూర్చొస్తాడు కూడా. కానీ పని దగ్గర ఎవరి కారైనా ఆయనకు ఒకటే. ఆ మాటకు ముఖం మాడిపోయింది. తప్పించుకోవడానికి నేను దొరికాను.

"అట్ల అనకుండ్రి సార్. పెయింట్ నేను మంచిగనే కొట్టిన. కడుగుడు మా ఆమె పని. జర సరిగ కడగలేదు గావచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లుగా గిరాకీల ముందు నా పని ఊసెత్తని మనిషి, మొదటిసారి ఎత్తింది ఇందుకా! సారు నన్ను ఎగాదిగా చూసి, అదీ సంగతి అన్నట్టు తలాడించారు. నా పదకొండేళ్ల కష్టం ఆ ఒక్క తలాడింపుతో గంగలో కలిసింది.

లేచి వెళ్లి కవర్ చూశాను. సరిగ్గా కడగకపోతే జిడ్డు మూలల్లో, బోల్టు రంధ్రాల దగ్గర మిగులుతుంది. ఈ పొక్కులు నడిమధ్యన, వరసగా, వేలికొనంత గుండ్రంగా ఉన్నాయి.

"గిది కడగక లేచింది కాదు. ఎవరో ఏలుతోని ఏదో పెట్టిండ్రు," అన్నాను.

మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "అయ్యో, నేనేనమ్మా! పండగ కదా అని బొట్లు పెట్టాను. కుంకుమ రాలిపోతోందని కొబ్బరినూనెలో కలిపాను. అయినా సైదులు తుడిచాకే రంగేశాడే, నేను చూశానుగా."

అందరం సైదులు వైపు తిరిగాం.

"దేంతోని తుడిచినవ్?" అని అడిగాను.

"పొడి గుడ్డతోని," అన్నాడు నేల చూపులు చూస్తూ. "పండుగపూట బొట్టు మీద తిన్నర్ పొయ్య మనసు రాలే. కరెంటు మళ్ల పోతదేమోనని ఆగమైన."

"పొక్కులు సూడంగనే గది యాదికి రాలేదా?"

"ఒచ్చింది."

"తెల్సి కూడ నా మీదికి తోసినవా?" ఆయనకెదురుగా వెళ్లి నిలబడ్డాను. "నన్ను ఎవరి ముందట అన్నవో ఆళ్ల ముందటనే చెప్పు."

చెప్పాడు. "కడుగుడు మంచిగనే ఉండె సార్. తప్పు నాది."

సారు ఇబ్బందిగా కళ్లజోడు తుడుచుకుని, తానన్న మాట కూడా తప్పేనన్నారు. "మరి మళ్లీ శుభ్రం చేసేదెవరు? నువ్వే చేస్తావా?" అని సైదుల్ని అడిగారు.

"నాకు గంత మంచిగ రాదు సార్. సంతోషిని అడుగుండ్రి," అన్నాడు సైదులు.

సారు నా వైపు తిరిగారు. "ఎప్పటికవుతుందమ్మా?"

ఆ షెడ్డులో ఆ ప్రశ్న నన్ను అడగడం అదే మొదలు. కోపం మాత్రం చల్లారలేదు. "రెండు రోజులైతది. గప్పటిదాక దాన్ని ఎవ్వరు ముట్టొద్దు," అన్నాను, సైదులు వైపే చూస్తూ.