నిజ జ్యేష్ఠ దశమి

సింగపూర్ హౌగాంగ్ ఫ్లాట్‌లో అన్నం తినే బల్ల మీద ఆ సాయంత్రం స్పెయిన్ దేశం పరుచుకుంది. సింహాచలం కొడుకు విష్ణు ల్యాప్‌టాప్‌లో మ్యాపు తెరిచాడు. కోడలు శ్రీలేఖ పక్కన నోటుబుక్కుతో కూర్చుంది. పదేళ్ళ మనవరాలు వర్షిత కుర్చీలో మోకాళ్ళ మీద నిలబడి స్క్రీన్ మీదికి వంగిపోతోంది.

"బిల్బావ్‌లో కారు తీసుకుంటాం నాన్నా. అక్కణ్ణించి సముద్రం పక్కనే అస్తూరియాస్ దాకా. ఈ కొండల పైన చెరువులున్నాయి చూడు. జూన్ పధ్నాలుగున బయల్దేరితే ఇరవై ఏడుకి ఇంట్లో ఉంటాం."

"అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలట," అంది శ్రీలేఖ. "మీ అబ్బాయికి ఎడమవైపే సరిగ్గా రాదు మావయ్యా."

"డాడీ సో స్లో లా! ఆవులు కూడా ఓవర్‌టేక్ చేస్తాయి," అంది వర్షిత.

ముగ్గురూ నవ్వారు. సింహాచలం నవ్వలేదు.

"మరి మీ యమ్మ సంవత్సరీకం?" అన్నాడు.

"అది మే ఇరవై ఆరుకే అయిపోతుంది. జ్యేష్ఠ శుద్ధ దశమి. యాప్‌లో చూసి లీవ్ కూడా పెట్టేశాను."

సింహాచలం ఒకసారి వంటింటి గోడ వైపు చూసి ఊరుకున్నాడు.

ఆ ఏడాది జ్యేష్ఠాలు రెండు. మొదటిది అధికం, రెండోది నిజం. అధిక మాసంలో సంవత్సరీకం పెట్టరు. శ్రీకాకుళం పక్క పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివి, షిప్‌యార్డులో వెల్డింగ్‌కి వచ్చి ముసలివాడైన సింహాచలానికి ఆ సంగతి ఏ యాపూ చెప్పక్కర్లేదు. భార్య భ్రమరాంబ అసలు తిథి జూన్ ఇరవై నాలుగు. వంటింటి గోడ మీది పంచాంగం కాలెండర్‌లో అచ్చయి ఉంది. కొడుకు ఒక్కసారి తలెత్తితే చాలు.

తలెత్తుతాడా లేదా చూద్దామని కూర్చున్నాడు. కన్నతల్లి తిథి ఇంకొకరు చెబితే తెలుసుకోవాలా?

మూడు వారాలు గడిచాయి. టికెట్లు కొన్నారు. సింహాచలానికీ తీస్తామన్నారు. మోకాళ్ళ వంక చెప్పి రానన్నాడు. ఏ కొండమీద ఆగాలో, ఏ ఊళ్ళో చేపలు తినాలో బల్ల దగ్గర రోజూ మాటలే. వింటూ అన్నం కలుపుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో, మే నెలకి మాట్లాడుకుందామని విష్ణు పంతులుగారికి ఫోన్ చేశాడు. హాల్లోకి వచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు.

"నాన్నా, అది అధిక మాసమట. అసలు తిథి జూన్ ఇరవై నాలుగట."

"అవును."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"టికెట్లు తీయకముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఆవిడ కన్నది నిన్నా, నన్నా?"

వంటింట్లోంచి శ్రీలేఖ వచ్చింది. "మూడు వారాలూ మా మొహాలు చూస్తూ కూర్చున్నారా మావయ్యా?"

"చూడ్డానికే కూకున్నాను."

విష్ణు నెమ్మదిగా అన్నాడు. "తప్పిపోతే ఆ వచ్చే అమావాస్యకి పెట్టొచ్చట. జూలైలో. తిరిగొచ్చాక నా చేత్తో నేనే పెడతాను నాన్నా. ప్రామిస్."

"నీకు ఖాళీ అయినప్పుడు దానికి ఆకలెయ్యాలేటి?"

విష్ణు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అమ్మయితే ఆ రోజే చెప్పేది," అని లోపలికి వెళ్ళిపోయాడు.

జూన్ పధ్నాలుగున ముగ్గురూ బయల్దేరారు. వెళ్తూ విష్ణు తండ్రి కాళ్ళకి దండం పెట్టాడు. సింహాచలం టీవీ చూస్తున్నాడు.

ఇరవై నాలుగు పొద్దున ఫోన్‌లో కొడుకు మెసేజ్ ఉంది: "నాన్నా, అమ్మ ఫోటో ముందు దీపం పెట్టు. ఈ రోజు ఇక్కడ మేం ముగ్గురం ఏమీ తినం." కింద పొగమంచులో మునిగిన చెరువు ఫోటో. సింహాచలం ఫోన్ బోర్లా పెట్టేశాడు. స్నానం చేసి, ఎప్పటి పంతులుగారి దగ్గరికి కాకుండా, బుకిట్ బటోక్‌లో తననెరగని మరో పంతులు ఇంటికి వెళ్ళాడు.

ఆయన పీట వేసి ఆగాడు. "కర్త మీరా? కొడుకుంటే కొడుకే పెట్టాలండీ. దూరంలో ఉంటే అమావాస్య దాకా ఆగండి. కొడుకుండగా మీ చేత నేను పెట్టించను. ఆవిడకి సంతానం ఉందా?"

విష్ణుని భ్రమరాంబ రెండు రోజులు నొప్పులు పడి కన్నది. అంతకు ముందు ఇద్దరు పోతే, వీడు దక్కాలని ఏడు శనివారాలు కటిక నేల మీద పడుకుంది.

"లేదు," అన్నాడు సింహాచలం.

పంతులు పాపం అన్నట్టు తల ఊపి దర్భ ఉంగరం అందించాడు. సింహాచలం దాన్ని వేలికి తొడుక్కున్నాడు. గోత్రం చెప్పాడు, పేరు చెప్పాడు, చెప్పమన్నవన్నీ తడబడకుండా చెప్పాడు. పిండాలు పెట్టాడు. ఆ ఒక్క మాట విని ఉంటే భ్రమరాంబ విస్తరి తోసేసి లేచిపోయేది. ఆ సంగతి తెలిసే పెట్టాడు. జూలై అమావాస్యకి విష్ణు పెట్టడానికి ఇక ఏమీ మిగల్లేదు.