ధర్మేందర్ పండ్ల సంగతి

సూర్యాపేటలో టైర్ల దుకాణం నడిపే ధర్మేందర్ పళ్లు తోముకొని వెళ్లాక, బేసిన్‌లో ఎర్రటి చారలు కడగడం అతని భార్య వనితకు రోజూ ఉండే పనే. డాక్టరుకు చూపించుకొమ్మంటే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. మొదట బ్రష్షు గట్టిదన్నాడు. మెత్తటిది తెచ్చిపెట్టింది. పేస్టు పడట్లేదన్నాడు. అదీ మార్చింది. చివరికి ఒంట్లో వేడి అంటూ సబ్జా గింజలు నానబెట్టుకొని తాగడం మొదలుపెట్టాడు.

"చిగుర్లు ఉబ్బినయ్. నోరు వాసనొస్తున్నది. పండ్లు సూడు, ఎట్ల పొడుగైనయో," అన్నది వనిత ఒకరోజు, అద్దం తెచ్చి అతని ముఖం ముందు పెట్టి.

"ఈ వయసుల పండ్లు పెరుగుతయానే?" అని నవ్వాడు. "నొప్పి లేంది రోగమెట్లయితది?"

వనితకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కోదాడలో ఆమె తమ్ముడి కూతురి పెళ్లి. భోజనాల బంతిలో కూర్చొని మటన్ ముక్క కొరికిన ధర్మేందర్ ఉన్నట్టుండి నమలడం ఆపేశాడు. ముఖం పాలిపోయింది. పక్కనే తింటున్న వనిత వైపు వంగి, "పన్ను ఊగుతున్నదే," అన్నాడు మెల్లగా.

ఆమె విస్తరి ముందు నుంచి లేచింది. పెళ్లిబట్టల్లోనే అతన్ని పక్క వీధిలోని పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ సన్నటి పుల్లలాంటి పరికరంతో చిగుళ్ల చుట్టూ గుచ్చి చూసింది. "రక్తం ఎన్నాళ్లుగా వస్తోందండీ?"

"ఈ మధ్యనే," అన్నాడు ధర్మేందర్.

"రెండేండ్లాయె," అన్నది వనిత.

"అప్పుడే వచ్చుంటే క్లీనింగుతో పోయేదండీ. ఈ జబ్బుకి నొప్పి ఆఖర్న గానీ రాదు. లోపల ఎముక కరిగిపోయింది, ఈ పన్ను నిలవదు. మిగతావి కాపాడుకోవచ్చు. షుగర్ ఉన్నా చిగుళ్లు ఇలా పాడవుతాయి, ఆ పరీక్ష కూడా చేయించండి."

పన్ను తీసేశారు. చిగుళ్ల లోపలి గార తీయించుకోవడానికి మళ్లీ మళ్లీ కోదాడ తిరిగారు. షుగర్ కూడా బయటపడి మందులు మొదలయ్యాయి. రక్తం మాత్రం ఆగింది.

ఓ మధ్యాహ్నం వనిత అన్నం డబ్బా పట్టుకొని దుకాణానికి వెళ్లింది. పంచరు వేయించుకోవడానికి వచ్చిన మోతె ఊరి రైతును కుర్చీలో కూర్చోబెట్టి, ధర్మేందర్ ఫోను లైటుతో అతని నోట్లోకి చూస్తున్నాడు.

"చిగుర్లు వాచినయ్ కాకా, జల్ది సూపించుకో. మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వకపాయె, నా రోగం నేనే కనిపెట్టిన."

వనిత డబ్బాను బల్ల మీద ఠంగున పెట్టింది.

"నువ్వు కనిపెట్టింది సాలు గని, ఆయన టైరు సంగతి సూడు."